ఇస్సాకన్న గుర్రం మీద అంబి

నంద్యాల,
కార్తీక శనివారం, మధ్యాహ్నం.

అమ్మకు,

నీ కూతురు ఉమ దండం పెట్టి రాస్తాండా. ఈడ అందరం బాగుండాం. మీ అల్లుడికి డోన్‌లో పని బాగానే జరుగుతాంది, ఆదివారం ఆదివారం వచ్చిపోతాండాడు. అత్తకు మోకాళ్ళ నొప్పి కొంచెం తగ్గింది. నీకు ఆడ చలి మొదలయ్యిందా? వెంకటమ్మక్క సెలవు అయిపోయి మూన్నాళ్ళల్లో మళ్ళీ కువైట్‌కు వస్తాంది గదా, నీ జాబుకు జవాబు ఆమె చేతికే ఇస్తాండా. ఫోన్లో చెప్పొచ్చు గానీ, శుక్రవారం నీకు దొరికే పది నిమిషాల్లో నీ పక్కన నువ్వు పనిచేసే ఇంటి మేడమ్ ఉంటాది, నా పక్కన అత్త ఉంటాది.

నువ్వు అడిగినవి చెప్తా. నీ మనవరాలు అంబి తిండి బాగానే తింటాంది. నువ్వు పంపిన ఖర్జూరాలు రోజుకు రెండు పెడ్తాండా, మూడోదానికి గలాటా చేస్తాది. మాటలు వస్తాండాయి. నీ ఫోటో చూపిస్తే "అవ్వ" అంటాది, పక్కింటి ముసలామెను చూసినా అవ్వే అంటాది.

"మూడేళ్ళ బిడ్డను గుర్రమెక్కించేదేందీ, పడితే ఎట్ల, మీకెవురు చెప్పినారు ఈ బుద్ధి" అని రాసినావు. చెప్పింది మా ఫిజియోథెరపీ సారు జ్ఞానప్రకాశం. రెండేళ్ళు నిండినా అంబి నిలబడలేదని చూపిస్తే, కండల్లో పట్టు తక్కువుండాది, నడుము నిలవడం లేదు అన్నాడు గదా. ఆయన చెన్నైలో ఈ గుర్రం పద్ధతి నేర్చుకోని వచ్చినాడు. "గుర్రం నడిచేటప్పుడు దాని నడుము ఎట్ల ఊగుతాదో మనిషి నడిచేటప్పుడు మన నడుమూ అట్లే ఊగుతాదమ్మా. పాప కాళ్ళు నడవకపోయినా, నడుముకు నడక అలవాటయితాది" అని చెప్పినాడు. అందరు పిల్లోళ్ళకూ పని చేస్తాదని చెప్పలేనని కూడా అన్నాడు.

గుర్రం ఆళ్ళగడ్డలో ఇస్సాకన్నది. పెళ్ళి ఊరేగింపులకు ఇచ్చే తెల్ల గుర్రం, పేరు రాణి. బ్యాండు మేళానికీ టపాకాయలకూ బెదరకుండా అలవాటు పడింది కాబట్టే సారు దాన్ని ఎంచుకున్నాడు. శిల్పాలు చెక్కే షెడ్ల ఎనక ఖాళీ స్థలం ఉండాది, ఆడ. జీను వెయ్యరు. దుప్పటి మడిచి బెల్టు కడతారు. అంబి తలకు టోపీ. ఇస్సాకన్న ముందర పట్టుకోని నడిపిస్తాడు, ఒక పక్క సారు, ఒక పక్క నేను, బిడ్డ తొడ మీద చెయ్యి తియ్యకుండా నడవాల. ఇరవై నిమిషాలు. ఒక్కసారి కూడా పడలేదు. ఉగాది నుంచి ప్రతి మంగళవారమూ పొయ్యొస్తాండాం.

మొదట్లో అంబి తడిగుడ్డ మాదిరి రాణి మెడ మీద వాలిపోతాండె. ఏడుస్తాండె. మూడు నెలలు ఏమీ మారలేదు. ఇస్సాకన్న మాత్రం ప్రతి వారం "ఈ వారం బిగువొచ్చింది పాపా, నా చేతికి తెలుస్తాంది" అనేవాడు. నేను ఊ అనేదాన్ని. నాకు ఏమీ తెలిసేది కాదు. శ్రావణంలో ఒకరోజు తల ఎత్తింది. వినాయక చవితికి ఎవురూ నడుము పట్టుకోకుండా వీపు నిలబెట్టి కూర్చునింది.

దసరా అయినాక వచ్చిన మంగళవారం సారు అంబిని దించి నేల మీద నిలబెట్టినాడు. ఇస్సాకన్న గుర్రాన్ని ముందుకు తోలుకుపోతాండాడు. బిడ్డ దాని ఎంబడి అడుగేసింది. ఇంగొకటి. నేను లెక్కపెట్టలేదు, సారు ఏడు అన్నాడు. తర్వాత కూలబడి రాణి వైపు చెయ్యి చాపి "పో, పో" అని అరిచింది. ఇస్సాకన్న తువ్వాల మొగానికి అడ్డం పెట్టుకున్నాడు. సారు వీడియో తీసినాడు, నువ్వు చూసింది అదే.

నీ జాబు ఆఖర్లో అడిగినావు గదా, "బిడ్డ నడిచిందని చెప్తా కూడా నీ గొంతు అట్లుండాదేమే, ఒంట్లో బాగలేదా" అని. ఒంట్లో బాగుండాది. ఆ వీడియోలో నేను కనపడను. ఆ పొద్దు గుర్రం దుప్పటి మడత పెడ్తాండా. బిడ్డ నడిచేది చూస్తానే మడత పూర్తిగా పెట్టి, పక్కన పెట్టి, అప్పుడు పోయి ఎత్తుకున్నా. సంతోషం వస్తాదేమోనని చూసినా. రాలేదు. అత్త గుడికి పోదామంటే పోయినాం, టెంకాయ కొట్టినాం. అదీ పనే మాదిరి చేసినా.

ఎందుకట్లయినానో నాకు తెలుసు. మీ అల్లుడికి కూడా చెప్పలేదు.

ఆషాఢంలో ఒక మంగళవారం. వాన పడతాండాది. ఆ పొద్దు అంబి ఇరవై నిమిషాలూ ఏడ్చింది, సారు "ఇంగో ఆర్నెల్లు చూద్దామమ్మా" అన్నాడు. ఆళ్ళగడ్డ బస్టాండుకు వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. పక్కన నల్లమల నుంచి నేరేడు పండ్లు తెచ్చి అమ్మే కాశమ్మ ఉండాది. నంద్యాల బస్సు వచ్చింది. "బిడ్డను కొంచెం సూడక్కా, నీళ్ళు తెచ్చుకుంటా" అని చెప్పి, పోయి బస్సెక్కినా.

కోపం లేదమ్మా నాకు, ఏడుపు లేదు. కిటికీ పక్కన కూర్చున్నా. బస్సు కదిలింది. కండక్టరు వచ్చి "యాడికమ్మా?" అన్నాడు.

"నంద్యాల."

"ఒక్కదానివేనా?"

మల్ల అడిగినాడు. "ఆపన్నా, దిగాల" అన్నా. అప్పటికి బస్సు ఊరు దాటింది. దిగి ఎనక్కి వచ్చినా. పరిగెత్తలేదు, నడిచే వచ్చినా. అది కూడా నీకు చెప్పాల.

పొయ్యేసరికి అంబి కాశమ్మ ఒళ్ళో ఉండాది, నోరంతా నేరేడు రంగు. నన్ను చూసి ఏడవలేదు, చెయ్యి చాపలేదు. పండు నములుతానే ఉండాది. "నీళ్ళు దొరకలేదక్కా" అని చెప్పి ఎత్తుకున్నా. తర్వాత బస్సుకు ఇంటికొచ్చి వంట చేసినా. ఆ పొద్దు నుంచి ఇంతే. పనులన్నీ చేస్తాండా, మంగళవారాలు పోతాండా, బిడ్డ తొడ మీద చెయ్యి ఎప్పుడూ తియ్యలేదు.

మొన్న మంగళవారం బస్టాండులో అంబి నా వేలు పట్టుకోని నడిచింది. కాశమ్మ సీతాఫలాలు పెట్టుకోని కూర్చోనుండాది. "నడుస్తాందే!" అని నవ్వింది. నేను దగ్గరికి పోయి చెప్పేసినా. "అక్కా, ఆ పొద్దు నేను నీళ్ళకు పోలేదు" అన్నా.

"తెలుసులే పాపా. బస్సెక్కేది సూస్తి."

"మరి ఎవురికీ ఎందుకు చెప్పలేదు?"

"ముందు బిడ్డ సంగతి సూడాల గదా. బస్సు పోయేది కనపడకుండా అటుపక్కకు తిప్పుకోని పండ్లు పెడ్తాంటి."

"నేను రాకపోయింటే?"

"వస్తివి గదా" అని, మెత్తటి పండు ఏరి అంబి చేతిలో పెట్టింది.

ఎవురూ నన్నొక మాట అనలేదమ్మా. ఇస్సాకన్న నీ ఓపిక్కి దండం అంటాడు. సారు వేరే తల్లులకు నన్ను చూపించి చెప్తాడు. మీ అల్లుడు నువ్వే నడిపించినావు అంటాడు.

వచ్చే శుక్రవారానికి ఈ జాబు నీకు అందుతాది. ఫోన్ చేసినప్పుడు నన్ను బుజ్జగించొద్దు, పోనీలే అనొద్దు. నేను బయటికి పోయి మాట్లాడతా. చిన్నప్పుడు తిట్టినట్ల గట్టిగా తిట్టు. నీ పక్కన ఎవురున్నా సరే, వాళ్ళకు మన మాట అర్థం కాదులే.

ఇట్లు,
నీ తిట్ల కోసం కాచుకోనుండే నీ బిడ్డ,
ఉమామహేశ్వరి