పెద్ద రైఫిల్‌కు మెత్తటి తూటా

నెల్లూరు,
8 మార్చి 2025.

గౌరవనీయులు, మా ఇంటి పెద్దతో సమానులు హజరత్తయ్య అన్నగారికి, తుపాకుల కొట్టు యాసీన్ సలాము చేసి రాయునది. ఇక్కడ మేమంతా కులాసా. చిల్లకూరులో మీరు, వదిన, అమ్మాయి సుప్రియ కులాసా అని తలుస్తాను.

మర్యాద ఇంతటితో సరి. నిన్ను మీరు అని రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. ఫోన్ చేస్తే సగంలో పెట్టేస్తున్నావు కాబట్టి ఈ కాగితం. దీని మీద ఎంత అరిచినా ఊరుకుంటుంది. రోజా ఉపవాసంలో ఉండి కోపం తెచ్చుకోకూడదని మా ఆవిడ నూర్జాన్ పొద్దుటి నుంచి గుర్తు చేస్తూనే ఉంది, నేను తెచ్చుకుంటూనే ఉన్నాను.

ముందు మీ పాలేరు మాలకొండయ్య సంగతి. నిన్న ఆసుపత్రికి వెళ్లి చూసి వచ్చాను. తొడ మీద కుట్లు మానుతున్నాయి గానీ మనిషికి భయం పోలేదు. వేరుశనగ చేలో పంది ఎటునుంచి వచ్చి పొడిచిందో కూడా తెలియలేదంట. అతన్ని చూశాక నీ తొందర నాకు అర్థమైంది. పందుల్ని కాల్చడానికి ఫారెస్టువాళ్లు ఇచ్చిన అనుమతి వచ్చే వారంతో సరి. నీ కంటికి ఆపరేషన్ అయింది కాబట్టి మీ తాతగారి రైఫిల్ ఈసారి సుప్రియ పట్టుకోవాలి. లైసెన్సులో ఆ పిల్ల పేరు ఎక్కించడానికి నీతోపాటు ఆఫీసుల చుట్టూ తిరిగినవాణ్ణి, నాకు తెలియదా?

తూటాల్లో మందు నేను తగ్గించి పోస్తానంటే నువ్వు నిండుగా పోయమంటావు. ఈ మెత్తటి తూటాలకు పంది యాడ చస్తాదిరా, రెచ్చిపోయి బిడ్డ మీదకొస్తే నువ్వొచ్చి అడ్డం పడుకుంటావా అని అరిచావు. ఆ మాట నాకు నిద్ర లేకుండా చేసింది, ఎందుకంటే అందులో నిజముంది. మందు తక్కువైతే పంది మీద పడుతుంది, ఎక్కువైతే తుపాకీ మొహం మీదే పగులుతుంది. ఎటు తప్పినా దెబ్బ తగిలేది సుప్రియకే.

ఇప్పుడు నా మాట విను. ఆ రైఫిల్ తయారైన కాలంలో తూటాల్లో బొగ్గు, సురేకారం కలిపిన నల్లటి తుపాకీమందు పోసేవాళ్లు. అది గుండును నిదానంగా నెట్టుకుంటూ పోతుంది. ఇప్పటి పొగలేని మందు అలా కాదు, అంటుకోగానే గొట్టం మొదట్లోనే ఒక్కసారిగా ఒత్తుతుంది. తూటా పెద్దది, లోపల బోలెడు ఖాళీ కనిపిస్తుంది, నింపేద్దామనే అనిపిస్తుంది. చేయి తప్పేది అక్కడే. తూటాలు నింపే పుస్తకాల్లో రాసే పై హద్దు గట్టి తుపాకులకు గానీ ఇలాంటి ముసలిదానికి కాదు. మీ తాత పేలిస్తే నేల అదిరేదంటావు. అప్పుడు ఆ ఉక్కు వయసులో ఉంది. ఇప్పుడు నిన్ను వడ్ల మూట ఎత్తమంటే ఎత్తుతావా అన్నా?

అందుకే పాత నల్లటి మందు ఎంత ఒత్తేదో, దానికన్నా ఒక మెట్టు కిందే ఆగాను. గుండు బరువు తగ్గించలేదు. పందిని దగ్గరికి రానిచ్చి కొడితే అది మళ్లీ లేవదు. గొట్టంలో లైటు వేసి చూశాను, అద్దంలా ఉంది. నా లెక్క మీద నాకు రవ్వంత అనుమానం లేదు. ఈ పని మా నాన్న నాగుల్ మీరా చేతి నుంచి నాకు వచ్చింది, మా కొట్టు తూటా ఇంతవరకూ ఎవరి చేతినీ కాల్చలేదు.

సుప్రియ నాకు ఫోన్ చేసింది. నీకు చెప్పొద్దంది, అయినా చెబుతున్నాను. నాయన మాట పట్టించుకోమాక బాబాయ్, నువ్వు ఏది నింపి ఇస్తే అదే పేలుస్తా అంది. నువ్వు నన్ను పిరికివాడన్నందుకు బాధపడలేదు గానీ ఆ పిల్ల నమ్మకానికి భయమేసింది.

నువ్వు ఎలాగూ నమ్మవు కాబట్టి ఈ మధ్యాహ్నం రైఫిల్‌ను ఫైరింగ్ రేంజికి తీసుకెళ్తున్నాను. లారీ టైరుకు కట్టేసి, గోడ చాటు నుంచి తాడుతో ట్రిగ్గర్ లాగుతాను. నా తూటాలు పేల్చాక కూడా అది చెక్కుచెదరకుండా ఉంటుంది. రేపు పొద్దున మా కొట్టు కుర్రాడు షఫీ బండి మీద వచ్చి రైఫిల్, తూటాలు, ఈ ఉత్తరం నీకు అప్పగిస్తాడు. నోరు మెదపకుండా ముట్టినట్టు సంతకం పెట్టు.

వదినకు నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
నీ మీద ఇంకా కోపం తగ్గని తమ్ముడు
యాసీన్

తా.క.: షఫీ వట్టి చేతులతో వచ్చాడేమని అడగొద్దు. రైఫిల్ ఇక లేదు. రెండో తూటాకే పగిలిపోయింది. నువ్వడిగిన నిండు తూటా కాదన్నా, నా మెత్తటి తూటానే.

గొట్టం కింద చెక్క బిగించిన చోట చీలింది. విప్పితే విరుగుతుందని ఆ చెక్కను నేనెప్పుడూ విప్పలేదు. ముక్కలు ఏరి చూస్తే లోపల పసుపూ కుంకుమా గడ్డకట్టి ఉన్నాయి, వాటి కింద ఇనుమంతా తుప్పు తినేసింది. ఏటా ఆయుధపూజకు మీరు దానికి పసుపు పూసి కొబ్బరినీళ్లు చల్లడం, మర్నాడు నేను పైపైన నూనెగుడ్డతో తుడిచి ఇవ్వడం. సుప్రియ ఎడమ చెయ్యి పట్టుకునే చోటే అది. ఇనుప పెచ్చు ఒకటి టైరు దాటి వెనక రేకులో దిగబడింది.

ఆ తూటాలు మొన్న సోమవారానికే సిద్ధం. నువ్వు ఆ రోజే సరేనని ఉంటే ఏ పరీక్షా లేకుండా అప్పుడే పంపేసేవాణ్ణి. నువ్వు నా మాట వినకపోబట్టి పిల్ల బతికింది.