బడి దారిలో సీసపద్యం

సోమవారం, 3వ తేదీ

శుభమస్తు. నేటి దినం సామాన్యమైనది కాదు. పురపాలక సంఘం వారు కొత్తగా నెలకొల్పిన ‘నిత్య సైకిలు ప్రయాణ ప్రోత్సాహక సంఘా’నికి, కళాశాలలో జీవితమంతా కావ్యపాఠాలు చెప్పి విశ్రమించిన నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. సైకిలంటే రెండు చక్రాలూ ఒక గంటా కాదు. అది ఇంధనమడగని రథం, పొగ విడువని యజ్ఞం, పేదవాడికీ వైద్యుడికీ ఒకేసారి సంతోషం కలిగించే సాధనం. ఇంతటి బాధ్యతకు నన్ను గాక మరెవరిని ఎన్నుకుంటారు? (అడిగిన మిగతా ముగ్గురూ తీరిక లేదన్నారని తరువాత తెలిసింది. అది వారి దురదృష్టం.)

సంకల్పం:
ఒకటి. నేటి నుండి మోటారు వాహనమెక్కను. కార్యాలయానికి సైకిలు మీదనే.
రెండు. బడి రోడ్డు పొడవునా సైకిళ్లకు ప్రత్యేకమైన దారి వేయిస్తాను.
మూడు. అది ముప్పై ఒకటిన బడి తెరిచేలోగా పూర్తి కావాలి.

మూడవదానికి కారణం మనవరాలు. బడి బస్సు మా వీధికి రావడం మానేసింది. అద్దె బండ్లలో పిల్లల్ని కుక్కే తీరు చూశాక కోడలికి వాటిపై నమ్మకం పోయింది. ఆమె నర్సు, తెల్లవారకముందే డ్యూటీకి పోవాలి. అబ్బాయి ఉద్యోగరీత్యా వారమంతా ఊళ్లు తిరుగుతూనే ఉంటాడు. పిల్ల సైకిలు మీద వెళ్తానంటుంది. కోడలు ఒకటే మాట చెప్పింది: “లారీల మధ్యలో పంపను మామయ్యగారూ. సైకిళ్లకి వేరే దారి ఉంటే పంపుతా. లేదంటే వాళ్ల మేనత్త ఊళ్లో బడిలో చేర్పిస్తా.”

“నేనున్నాను కదమ్మా!” అన్నాను. మా ఆవిడ ఎందుకో దగ్గింది.

మంగళవారం, 4వ తేదీ

వెళ్లాను! తిరిగి వచ్చాను! రెండూ సైకిలు మీదనే!!

మోకాళ్లు తమ ఉనికిని చాటుకున్నాయి గాని, మనస్సు గాలిలో తేలింది. కార్యాలయంలో కార్లకు నీడ ఉంది, స్కూటర్లకు రేకుల పందిరి ఉంది. సైకిలుకు మాత్రం స్థానం లేదు. కాపలాదారు నన్ను ఎగాదిగా చూసి, “ఆ జనరేటర్ వెనకాల పెట్టుకో పెద్దాయనా. లోపల సైకిల్ మీటింగు ఉంది, పెద్దపెద్దోళ్లు వస్తారు” అన్నాడు.

సమావేశం దివ్యంగా జరిగింది. ఇంజనీరు పటం పరిచాడు. మాట తక్కువ మనిషి. బడి రోడ్డుకు ఎడమ పక్కన, కాలువకూ తారుకూ మధ్య, చేతులు చాచినంత వెడల్పున ఖాళీ జాగా ఉంది. అది పురపాలక సంఘానిదే. చదును చేసి, లారీలు ఎక్కకుండా అంచుకు రాతిగట్టు కట్టి, కూడళ్ల వద్ద రంగు వేస్తే చాలునట. నిధులు మంజూరయ్యాయి.

“బడి తెరిచేలోపు అవుతుందా నాయనా?”

“అవుతుంది సార్. మధ్యలో ఇంకేమీ తగిలించకపోతే.”

ఎంత నిరాశావాది!

శుక్రవారం, 7వ తేదీ

పురపాలక అధ్యక్షురాలు స్వయంగా ఫోను చేసింది. “మాస్టారూ, దారి వేస్తే సరా? వేశామని జనానికి తెలియొద్దూ? మీరంతటి కవి ఉండగా మాకు వేరే ప్రచారం ఎందుకండీ! సైకిల్ మీద మంచి పద్యం ఒకటి రాసివ్వండి, బడి రోడ్డులో బోర్డు మీద వేయిద్దాం.”

ఎంత సంస్కారవంతురాలు! ఇంతకాలమూ ఆమెను నేను తప్పుగా అంచనా వేశాను.

సీసమే తగినదని నిశ్చయించాను. సైకిలు తొక్కుతూ సీసం కట్టడం సాధ్యపడదని ఈ ఉదయమే తేలింది: మూడవ పాదంలో యతి కుదిరిన ఆనందంతో కూరల బండిని తాకాను. గాయాలు లేవు. పద్యం పూర్తయ్యే వరకు మాత్రమే ఇంటినుండి పని. దీనిని సంకల్పభంగమనరాదు. వాహనమెక్కలేదు కదా! అసలు కదలనే లేదు.

సోమవారం, 10వ తేదీ

పద్యం పూర్తి!! కింద ఎత్తుగీతితో సహా! ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి రాగయుక్తంగా వినిపించాను.

మనవరాలు: “తాతయ్యా, బాగుంది. చివరి దాకా ఏనుగు గురించే అనుకున్నా.”

మా ఆవిడ: “నేను పెళ్లిచూపుల గురించి అనుకున్నా.”

కోడలు: “దారి పని మొదలైందా మామయ్యగారూ?”

రసజ్ఞత జన్మతః రావాలి.

బుధవారం, 12వ తేదీ

నేడు సైకిలు యాత్ర. అందరికీ పచ్చటి బనియన్లు, టోపీలు, నీళ్ల సీసాలు. అధ్యక్షురాలు ముందు, నేను పక్కన, వెనుక కౌన్సిలర్లు. కార్యాలయం ద్వారం నుండి మొదటి మలుపు దాకా మహోత్సాహంతో సాగింది. ఫొటోలు తీసేవారు మొదటి మలుపు దాకానే వచ్చారు గనుక యాత్ర కూడా అక్కడే ఆగింది. అక్కడ కార్లు సిద్ధంగా ఉన్నాయి. సైకిళ్లను లారీలో తిప్పి పంపారు.

నాకొక కారు కేటాయించారు. ముందర బోర్డు కూడా ఉంది: ‘అధ్యక్షులు, సైకిలు సంఘం’.

ఎక్కనన్నాను. డ్రైవరు దీనంగా, “మీరు ఎక్కకపోతే బండి వెనక్కి తీసుకుంటారు సార్, నన్ను చెత్తబండికి వేస్తారు” అన్నాడు. ఒక కుటుంబీకుని పొట్ట కొట్టమని ఏ శాస్త్రం చెప్పింది? ఎక్కాను. కేవలం దయతో.

సీట్లు మెత్తగా ఉన్నాయి.

శనివారం, 15వ తేదీ

పరాభవం. ముద్రించేవాడు నమూనా పంపాడు. మామూలు బోర్డు మీద పద్యం పట్టక, అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. ఇంజనీరు ఇచ్చిన సలహా: “మొదటి ముక్క పెడదాం సార్. ‘సైకిల్ తొక్కండి’ అని. పోయేవాళ్లకి కనపడుద్ది.”

ఆ మాట నా పద్యంలో ఎక్కడా లేదని చెప్పాను. సీసాన్ని ముక్కలు చేయడమంటే విగ్రహం నుండి ముక్కును వేరు చేసి పూజించడమేనని కూడా చెప్పాను. అతడు తల గీరుకున్నాడు.

అధ్యక్షురాలే అడ్డు వచ్చింది. “మాస్టారి పద్యం మొత్తం ఉండాల్సిందే. పెద్ద బోర్డు పెట్టండి. నాలుగు స్తంభాలు వేయండి.” డబ్బు? రాతిగట్టు ఖర్చులోనుండి సర్దుతారట. ఆమె గుణగ్రహణ పారీణతకు కళ్లు చెమర్చాయి.

బుధవారం, 19వ తేదీ

పద్యం తుది ప్రతిలో వరుసలు సరిచూస్తూ ఉండగా ఇంజనీరు కాగితాలు పట్టుకొచ్చాడు.

“సార్, ఈ స్తంభాలు ఎక్కడ పాతాలో ఒకసారి చూడండి. బడి రోడ్డులో ఇంకెక్కడా జాగా లేదు...”

“ఉన్నచోట పాతించు నాయనా.”

“ఉన్నది అదొక్కటే సార్. మరి...”

“నన్ను చదువుకోనీ!”

సంతకం పెట్టాను. సాయంత్రం వరకు అతడు నా గది బయటే తచ్చాడాడు. జీతం పెంపు విషయమై ఉంటుంది.

(సైకిలు: వెనుక చక్రంలో గాలి లేదు. పంపు ఎక్కడుందో ఎవరికీ తెలియదు. నేనూ వెతకలేదు.)

మంగళవారం, 25వ తేదీ

ఆవిష్కరణ. అధ్యక్షురాలు తాడు లాగగా తెర జారింది. ఆహా! రెండంతస్తుల ఎత్తున నా సీసం, కింద గీతి, ఆ కింద నా పేరు. చప్పట్లు. ఒక కౌన్సిలరు పైకి చదవబోయి, రెండవ సమాసం మధ్యలో ఊపిరాడక నీళ్లడిగాడు.

అప్పుడే మనవరాలు వచ్చింది. కొత్త దారి ఎలా ఉందో చూద్దామని సైకిలు మీద ముందు తాను, వెనుక నడుస్తూ వాళ్లమ్మ. చదును చేసిన జాగాలో చక్కగా వస్తోంది. బోర్డు దాకా వచ్చి ఆగింది. దారికి అడ్డంగా నాలుగు ఇనుప స్తంభాలు. వాటి మధ్య సందులోనుండి పిల్లి దూరగలదు, సైకిలు దూరదు. పక్కకు తప్పుకుందామంటే రాతిగట్టు లేదు, నేరుగా తారు రోడ్డే. పిల్ల సైకిలుతో తారు మీదికి దిగింది.

లారీ కూత!

కోడలు పరుగున వచ్చి, సీటు వెనుక కడ్డీ పట్టి సైకిలునూ పిల్లనూ కలిపి ఒక్క గుంజు గుంజింది. లారీ వెళ్లిపోయింది. చప్పట్లు ఇంకా ఆగలేదు, అటువైపు ఎవరూ చూడలేదు.

కోడలు బోర్డు కేసి చూసింది. మొత్తం చదివింది. ఆ మాట ఒప్పుకోవాలి, మొత్తం చదివినది ఆమె ఒక్కతే.

“పద్యం బాగుంది మామయ్యగారూ. శుక్రవారం పిల్లకి టీసీ తీసుకుంటాను.”

బుధవారం, 26వ తేదీ

కార్యాలయానికి వెళ్లాను. (కారులో. అత్యవసరం.)

అధ్యక్షురాలు: “నిన్న ఆవిష్కరించి ఇవాళ పీకేస్తే జనం నవ్వరా మాస్టారూ? దారి రెండో విడతలో చూద్దాం.”

“రెండవ విడత ఎప్పుడు?”

“మొదటి విడత అయ్యాక.”

మెట్ల దగ్గర ఇంజనీరు కలిశాడు. “మేం తీసేస్తే కవిగారిని అవమానించినట్టు అవుతుందని మేడం భయం సార్. కవిగారే తీసేయమని రాసిస్తే ఇక ఆవిడకి ఇబ్బందేముంది? సాయంత్రానికి సిబ్బందిని పంపుతా.”

అంత సులభమా! ఇంటికి రాగానే కాగితం, కలం తీశాను.

రాయలేదు. తలనొప్పి.

గురువారం, 27వ తేదీ

రాయలేదు. ఆలోచించగా, దోషం స్తంభాలదే గాని పద్యానిది కాదు. అసలు లారీలది. ఇంకా లోతుకు పోతే చక్రం కనిపెట్టినవాడిది. మేనత్త ఊళ్లో బడి మంచిదేనని విన్నాను. అక్కడ గ్రంథాలయం కూడా ఉందట.

పక్క గదిలో మనవరాలు తన పుస్తకాలు పెట్టెలో సర్దుతోంది. గుమ్మంలో నిలబడ్డాను.

“తాతయ్యా, నీ పద్యం కాగితం ఒకటి ఇస్తావా? అక్కడ కొత్త స్నేహితులకి చూపిస్తా. మా తాతయ్య రాశాడని చెప్తా.”

“అది ఏనుగు పద్యమన్నావు కదే?”

“అయితే ఏం? మన ఏనుగే కదా.”

నా గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. సీసం రాయడానికి మూడు రోజులు పట్టింది. ఈ లేఖకు మూడు వాక్యాలు సరిపోయాయి. యతిప్రాసలు లేవు. నేను రాసిన వాటిలో దీనికంటె సూటియైనది మరొకటి లేదు.

శుక్రవారం, 28వ తేదీ

గాలి పంపు పక్కింట్లో దొరికింది. లేఖ జేబులో పెట్టుకొని సైకిలు మీద వెళ్లాను. డ్రైవరు కారులో నా వెనుకే నెమ్మదిగా వచ్చాడు, ఉద్యోగం పోకుండా.

లేఖ ఇంజనీరు చేతికిచ్చాను. అధ్యక్షురాలు చదివి, “అయ్యో, మీరే వద్దంటే మేమేం చేస్తాం మాస్టారూ!” అని ఎంత తేలికగా ఊపిరి పీల్చుకుందంటే, కవిత్వం మీద ఆమె అభిమానం ఏపాటిదో ఆ ఒక్క ఊపిరిలో తేలిపోయింది.

సాయంత్రానికి బోర్డు దిగింది. స్తంభాలు దిగలేదు. కాంక్రీటులో లోతుగా పాతారు, కోయడానికి వారం పడుతుందట. పురపాలక సంఘం చరిత్రలో గట్టిగా కట్టింది ఇదొక్కటే కాబోలు.

కోడలి వద్దకు వెళ్లి నిలబడ్డాను. “ఒక్క వారం ఆగమ్మా. ఆ స్తంభాల దగ్గర పిల్లకు కుడిపక్కన, లారీల వైపు, నేను తొక్కుతాను.”

“మీరా?” అంది.

“నేనే.”

ఆమె చాలాసేపు నా మోకాళ్ల కేసి చూసింది. “ఒక్క వారం” అంది.

సోమవారం, 31వ తేదీ

బడి తెరిచారు. వెళ్లాం. స్తంభాల వద్ద నేను రోడ్డు వైపు, పిల్ల లోపలి వైపు. లారీలవాళ్లు నన్ను అన్నవి ఇక్కడ రాయదగినవి కావు. ఒక్కటి మాత్రం ఛందస్సులో ఉన్నట్టే వినిపించింది.

“తాతయ్యా, కొంచెం తొందరగా! గంట కొట్టేస్తారు!”

సంకల్పం, మళ్లీ మొదటినుండి:
ఒకటి. మోటారు వాహనమెక్కను. (డ్రైవరుకు కార్యాలయంలోనే వేరే పని ఇప్పించాను.)
రెండు. స్తంభాలు కోసే దాకా, రాతిగట్టు కట్టే దాకా, పిల్లకు కుడిపక్కన నేనే.
మూడు. సీసం రాయను. ఆటవెలది విషయం తరువాత ఆలోచిస్తాను.

నా తరువాత ఈ సంఘానికి అధ్యక్షులు కాబోయేవారికి ఆశీస్సులు. మీ నిధులు బనియన్లకు పోక రోడ్డుకు చేరుగాక. మీ దారులు ఫొటోలు తీసే మలుపు దాటి ముందుకు సాగుగాక. మీ ఇంజనీరు గుమ్మంలో తచ్చాడినప్పుడు లోపలికి పిలిచే బుద్ధి మీకు కలుగుగాక. ఉదయం మీ దారిన బయలుదేరిన ప్రతి బిడ్డా, పక్కన కాపు కాసే ముసలివాడి అవసరం లేకుండానే, సాయంత్రం తన ఇంటి గుమ్మం ముందు గంట మోగించుగాక.