ఫ్రీ బస్సు ట్రైనింగ్

ఆదివారం, పడుకునే ముందు.

కొత్త రక్తపరీక్ష మెషిన్ మీద ట్రైనింగ్‌కి ఇవాళ మళ్లీ హైదరాబాద్ వెళ్లొచ్చాను. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇచ్చాడు గానీ సీటు దొరకలేదు. నిలబడీ నిలబడీ నడుము పట్టేసింది.

ఆడవాళ్లకి ఫ్రీ బస్సు రాకముందు మా రామన్నపేట ల్యాబ్ నుంచి ఇలాంటి ట్రైనింగ్‌లకి నరేష్ వెళ్లేవాడు. బస్సు కిరాయి, భోజనం ఖర్చు ల్యాబ్ ఓనర్ సార్ ఇచ్చేవారు. బస్సు ఫ్రీ అయ్యాక నన్నూ సరితనూ పంపుతున్నారు. "మీరైతే జల్ది నేర్చుకుంటరు" అన్నారు. పొంగిపోయాను.

నిన్న ధైర్యం చేసి, ఆదివారానికి జీతం ఇస్తారా అని సార్‌ని అడిగాను.

"నేర్చుకునుడు నీ మంచికే గదమ్మా. బస్సుకు పైస పెట్టేది లేకపాయె, ఇంక నీకేం ఖర్చు?"

బస్సు ఫ్రీ అయితే నా సెలవు కూడా ఫ్రీయేనా?

ఇందాక అన్నం పెడుతూ అవ్వ అడిగింది: "మరి గా నరేష్‌ను ఎందుకు పంపుతలేడే మీ సారు?"



రేపు వెళ్లగానే సార్ మళ్లీ మెచ్చుకుంటారు. నవ్వాలో వద్దో తెలియడం లేదు. ఆయన నా పనితనం చూసి పంపుతున్నారా, నా ఆధార్ కార్డు చూసి పంపుతున్నారా?