ఈసారి నీకు చెప్పని సినిమా

చంద్రాపూర్,
5-12-1996

తమ్ముడు గంగాధర్‌కు అక్క రాసేది.

బొంబాయి అవార్డుల్లో ఈసారి ఉత్తమ చిత్రం ఏదవుతుందో త్వరగా చెప్పమని రాశావు. ఏటా నీ పేరుతో మీ పత్రికలో వచ్చే జోస్యం నేను పంపినదే. మన గాజుల దుకాణం టాకీసుకు ఎదురుగా ఉంది. ఆట విడిచాక వచ్చిన ఆడవాళ్లు బేరం కూడా మరిచి చేతులు చాపితే, గెలిచే సినిమా అదేనని నాకు తెలుస్తుంది.

దసరాకు వచ్చినప్పుడు నా పేరు వేయమని అడిగాను. "గాజులమ్మే ఆడమనిషి మాట ఎవలు నమ్ముతరక్కా?" అని నవ్వావు. మీ బావ కూడా నవ్వాడు.

ఈ ఏటి సినిమా ఏదో నాకు తెలిసింది. నా పేరుతో మీ పోటీ పత్రికకు రాసి పంపాను. వాళ్లు అచ్చు వేసినా, చించి పారేసినా, నీకు మాత్రం చెప్పను.

నీ అక్క