వంత అడిగిన పేరు

అశోక్‌నగర్,
హాస్టల్ నుంచి.

బాపుకు నీ బిడ్డ రోజా దండాలు. నేనిక్కడ వేళకు తింటున్నాను, చదువుకుంటున్నాను. గుట్ట మీద నువ్వూ, శ్రీశైలం అన్నా, పసులూ చల్లగా ఉన్నారని తలుస్తాను.

అన్నతో నువ్వు రాయించిన ఉత్తరం అందింది. నా కాలి బెణుకు తగ్గింది. పరీక్ష బాగానే రాశాను. ఫలితాలు ఎప్పుడని మాత్రం అడగకు, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ తెలియదు. ఎర్రావు ఈనిందా లేదా నువ్వే రాయలేదు, ఈసారి రాయించు. ఇక మూడు ఉత్తరాల నుంచి నువ్వు అడుగుతున్న మాట: "రమాకాంత్ సార్ నా పాట విన్నడా? ఏమన్నడు?"

విన్నాడు బాపూ. విని మింగేశాడు.

నారాయణగూడలో వాళ్లింట్లో మాకు తెలుగు పాఠాలు చెప్పే ఆ పెద్దమనిషి, 'పసుల పాటలు' అని ఒక పుస్తకం వేశాడు. నా గదిలో ఉండే అనూహ్య దాన్ని చిక్కడపల్లి లైబ్రరీ నుంచి తెచ్చింది. తెరిస్తే నీ పాట! "గుట్ట దిగి రావే పొడల ఆవా, పొద్దు గూకవట్టె" అని, వానలో తప్పిపోయిన ఆవు కోసం నువ్వు ఏడ్చుకుంటూ కట్టిన పాట. కింద ఏముందో తెలుసా? రచన, డాక్టర్ రమాకాంత్. నాకు ఒళ్లు మండిపోయింది. రెండు రోజులు అన్నం సహించలేదు.

"పోయి కడిగెయ్యవే," అంది అనూహ్య.

ఇంటికి పోయి అరిస్తే తలుపేసుకుంటాడు. ఇజ్జత్ పోతే నలుగురిలో పోవాలి. అందుకే నోరు మూసుకుని కాచుకున్నాను.

మొన్న ఆదివారం నారాయణగూడ మైదానంలో పసుల కాపరుల పాటల పండుగ జరిగింది. ఆయన పాడాలి. వంత పాడే మనిషి దొరక్క నాకే ఫోన్ చేశాడు. "నువ్వు ఆ దిక్కు పిల్లవే గదమ్మా, జర నా ఎన్క నిలబడు." సరే సార్ అని ఎంత మెత్తగా అన్నానో!

ఆయన భుజాన కోఠిలో కొన్న గొంగడి, ఇంకా మడత కూడా పోలేదు. ఆయన కర్ర పట్టుకున్న తీరు చూస్తే నీ కోడెలు కూడా నవ్వేవి. గొంతు మాత్రం బాగుంది, అబద్ధమెందుకు చెప్పాలి? నీ పాటే పాడి, ముగించి చప్పట్ల కోసం చూశాడు. అప్పుడు నేను మైకు దగ్గరికి జరిగాను.

మన పాట అక్కడితో అయిపోదని ఆయనకు తెలియదు. కట్టినవాడి పేరు వెనక నిలబడ్డ వంత అడగాలి, పాడినవాడు చెప్పాలి, ఆ తర్వాతే మందను ఇంటికి మళ్లించాలి. మూడుసార్లు అడిగినా చెప్పనివాడు పాటను దొంగిలించినట్టే అని నువ్వే కదా నేర్పావు.

"ఎవలు కట్టిండ్రన్నా ఈ పాట?" అని రాగం తీశాను. నవ్వాడు. రెండోసారి అడిగాను. నుదురు తుడుచుకున్నాడు. ముందు వరసలోని ముసలి కాపరులు కర్రలతో నేల మీద కొట్టడం మొదలుపెట్టారు. "పేరు చెప్పు సారూ! పేరు!" నాకెంత హాయిగా ఉందో! మూడోసారి అడిగాను.

ఆయన మైకులోనే అన్నాడు: "పేరు తెల్వదని నువ్వే చెప్పినవ్ గదమ్మా రోజా."

కర్రలు ఆగిపోయాయి.

శ్రీశైలం అన్నా, ఇక్కడి నుంచి ఒక్క మాట కూడా దాటెయ్యకుండా బాపుకు చదువు.

ఆయన చెప్పింది నిజం బాపూ. ఫోన్‌లో రికార్డు చేసుకున్న నీ పాట ఆయనకు వినిపించిన రోజు, ఎవరిదమ్మా అని అడిగాడు. చుట్టూ ఆఫీసర్ల పిల్లలున్నారు. "ఎవలో పసులు కాసేటోళ్లది సార్, పేరు తెల్వది," అన్నాను. నువ్వు పేరు చెప్పుకునే చివరి ముక్కను అంతకుముందే, అడిక్‌మెట్ బస్సులో కూర్చుని, నేనే కత్తిరించాను. ఆయన తన పేరు రాసుకున్నది నేను ఖాళీ చేసిన చోటే.

మళ్లీ మైకు దగ్గరికి వంగాను. అదే రాగంలో పాడాను. "కురుమయ్య కట్టిండు. పేరు దాచింది ఆయన బిడ్డ. ఆ బిడ్డను నేనే." తర్వాత ఒక ముసలాయన లేచి మంద మళ్లించే కూత పెట్టాడు. మిగతావాళ్లు అందుకున్నారు. రమాకాంత్ సార్ గొంగడి కుర్చీ మీద పడేసి వెళ్లిపోయాడు. పుస్తకంలో నీ పేరు పడేదాకా నేను ఆయన్ను వదలను. ప్రతి ఆదివారం వాళ్ల గుమ్మం ముందు నిలబడి అదే మాట అడుగుతాను.

కానీ నన్ను అడగాల్సినవాడివి నువ్వు. వానలు పడి మంద దిగినప్పుడు ఊరికి వస్తాను. పాట నేనెత్తుకుంటాను, వంత నువ్వు నిలబడు. ఊరందరి ముందు అడుగు. మూడుసార్లు అక్కర్లేదు, మొదటిసారికే చెప్తాను.

ఇట్లు,
పసులు కాసే కురుమయ్య బిడ్డ,
రోజా