ఉండేదానికి వచ్చినవాళ్లు

కళ్యాణదుర్గం, శుక్రవారం

అత్తమ్మకు ఆసియా సలాం. మీరు ఫోను ఎత్తడం లేదు గనుక ఈ కార్డు రాస్తున్నాను, నాజ్‌నీన్ వదిన చదివి వినిపిస్తుంది. ఇక్కడ అందరం బాగున్నాం.

ఇంట్లో గదులు ఊరు చూడవచ్చేవాళ్లకు బాడుగకిస్తున్నామని మీరు అలిగి గోరంట్లలో వదిన ఇంటికి వెళ్లాక, బళ్లారి నుంచి ఒక ముసలి జంట వచ్చి వారం రోజులున్నారు. పొద్దున శెనగచేల గట్ల మీద నడిచి రావడం, తర్వాత వసారాలో కూర్చోవడం, అంతే. మీ అబ్బాయి ఉండబట్టలేక అడిగేశారు: "ఈడ చూసేదానికి ఏముండాదని వచ్చినారు సార్?"

"చూసేదానికి కాదప్పా, ఉండేదానికి వచ్చినాం" అన్నాడు పెద్దాయన.

వెళ్లే రోజు ఆయన భార్య, "ఇంటి పెద్దామె ఒక్కనాడూ కనపడలేదే, యాడికి పోయింది?" అంది. మీ అబ్బాయి వాళ్ల బ్యాగులెత్తుకుని బయటికి నడిచారు. ఆ పూట అన్నం కూడా తినలేదు.

మీ కంటిచుక్కల మందు ఇక్కడే మరిచారు, పంపమంటారా? ఉగ్గాణికి బొరుగులు ఎంతసేపు నాననివ్వాలి? నా చేతిలో ముద్దయిపోతున్నాయి.

వదిన పిల్లలకు దువాలు. బళ్లారి వాళ్లు గాలి బాగా వస్తుందని మీ గదే అడిగారు, ఇవ్వలేదు. ఎవరికీ ఇవ్వము అత్తమ్మా.

మీ కోడలు
ఆసియా