మంగళవారం చుక్క

చిన్నా,

అమ్మ ఆశీస్సులు. నేనూ నానమ్మా ఇక్కడ బాగానే ఉన్నాం. నువ్వూ వేళకి తింటూ, ఒంట్లో కులాసాగా ఉన్నావనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం వచ్చి ఏడు వారాలైంది. జవాబు రాయలేదు. ఎందుకు రాయలేదో ముందే చెప్పేస్తే మిగతాది రాయడానికి చెయ్యి ఆడదు. అందుకని నువ్వడిగినవాటికి ముందు చెబుతాను.

నానమ్మ మోకాలు తగ్గింది. తను మాత్రం ఒప్పుకోదు, ఒప్పుకుంటే మెట్లు దిగి పాలు తేవాల్సి వస్తుందని. వంటింటి కిటికీ రెక్క బాగుచేయించాను, ఇప్పుడు గాలికి కొట్టుకోవడం లేదు. కొత్త యంత్రం వచ్చింది కదా, అద్దకం మిల్లులో నిన్ను ఉంచుతారా అని అడిగావు. ఉంచారు. యంత్రం గుడ్డ రంగుని అంకెల్లో చెబుతుంది. అయినా మా మేనేజరు రెండు ముక్కలు పట్టుకుని నా బల్ల దగ్గరికే వస్తాడు. "ఇవి రెండూ ఒకటే షేడేనంటారా?" అంటాడు గొంతు తగ్గించి, యంత్రం వింటుందేమో అన్నట్టు. దీపం కింద పెట్టి చూసి, "కుడిచేతిది ఒక్క పిసరు ఎరుపెక్కింది" అంటాను. తల పట్టుకుని వెళ్లిపోతాడు. ఇరవై రెండేళ్లుగా ఇదే నా ఉద్యోగం, ఇంకొన్నాళ్లు ఇదే ఉండేట్టుంది.

ఇక నానమ్మ నీకు చాడీ రాసిందట, నెలకో శనివారం సాయంత్రం అమ్మ మాయమైపోతోందని. మాయమేమీ కాదు. గ్రంథాలయం మేడ మీద హాల్లో కూర్చుంటున్నాను. నిరుడు ఒక శనివారం నానమ్మ పుస్తకం తిరిగి ఇవ్వడానికి వెళితే వాన పట్టుకుంది. మెట్ల దగ్గర ఒక అట్టముక్క మీద "ఆకాశం చూసేవాళ్ల సంఘం, నెలవారీ ప్రసంగం, ఎవరైనా రావచ్చు" అని రాసుంది. పైకి వెళ్లాను. హాలంతా చీకటి. వెనక గోడ దగ్గర్నుంచి ఒక వెలుగు దారం నా తల మీదుగా సాగి ఎదురుగా తెర మీద విచ్చుకుంటోంది. అందులో దుమ్ము కూడా నెమ్మదిగా, తొందరేమీ లేనట్టు తిరుగుతోంది. బయట వాన చప్పుడు. ఎక్కడికో వచ్చేశాననిపించింది, చిన్నా. గడప దాటి నాలుగడుగులే వేశాను, ఊరు చాలా దూరంలో ఉండిపోయినట్టుంది.

"రండమ్మా, ముందు వరుస ఖాళీ. ముందు వరుస ఎప్పుడూ ఖాళీయే" అన్నారు తెర పక్కనున్నాయన. సంఘానికి పెద్ద ఆయనే. బళ్లో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మెడలో ఈల ఇంకా ఉంది. ప్రసంగం మొదలుపెట్టడానికి దాన్నే ఊదుతారు.

ఆ రోజు వెలుగు మారే చుక్కల గురించి చెప్పారు. తెర మీద మూడు చుక్కలు చూపించి, "వెలుగులో మధ్యలోది పైదానికి దగ్గరా, కిందిదానికి దగ్గరా?" అని అడిగారు. తలో మాటా అన్నారు. నాకు నోరు ఊరుకోదు కదా. "పైదానికి దగ్గర. పదివంతుల్లో మూడు వంతులు దిగింది" అన్నాను. ఆయన లైటు వేయించి మరీ నా వైపు చూశారు.

"మీరేం చేస్తుంటారమ్మా?"

"రంగులు చూస్తుంటాను."

"అయితే ఇన్నాళ్లూ ఎక్కడున్నారు?" అన్నారు.

అప్పటినుంచి ఒక్క శనివారం కూడా మానలేదు. మందుల షాపాయన శని గ్రహం వలయాల గురించి చెప్పాడు, మాత్రల సీసాలు బల్ల మీద గుండ్రంగా పేర్చి. బస్సుల మెకానిక్కు తోకచుక్కల గురించి చెప్పాడు. చేతి గోళ్లలో గ్రీజు, నోట్లో కోట్ల మైళ్లు. సగంమంది వింటారు, ఇద్దరు ముగ్గురు కునుకు తీస్తారు. నేనూ ఒకసారి తీశాను. ఎవరో మెత్తటి గొంతుతో వెలుగు ఇంత దూరం నుంచి ఇన్నేళ్లు నడిచి వస్తుందని చెబుతుంటే కళ్లు మూతలు పడ్డాయి. అంత మంచి నిద్ర ఇంట్లో ఎన్నడూ పోలేదు.

మాస్టారు నాకో చుక్కని అప్పజెప్పారు. ఉత్తర కిరీటం అని ఏడు చుక్కల అర్ధచందమామ ఒకటుంది, చిన్న గిన్నెలాగ. ఆ గిన్నె లోపల మామూలు కంటికి ఆనని చుక్క ఒకటి. ఏళ్ల తరబడి ఒకే వెలుగుతో బుద్ధిగా ఉంటుందట. ఉన్నట్టుండి ఒకనాడు తగ్గడం మొదలుపెట్టి నెలలపాటు కనిపించకుండా పోతుందట. ఆరిపోదు. లోపలినుంచి మసి కక్కుకుని, ఆ మసి చాటున ఉండిపోతుంది. ఎప్పుడు మొదలుపెడుతుందో ఎవరూ చెప్పలేరు. అందుకని లోకంలో చాలాచోట్ల నాలాంటివాళ్లు రోజూ దాన్ని చూసి ఒక అంకె రాసి పంపుతారు. అంకె పెరిగితే వెలుగు తగ్గినట్టు. ఇదేం తిరకాసు లెక్క అంటే, "పరుగు పందెంలో ముందొచ్చినవాడు ఒకటి, వెనకబడ్డవాడు ఆరు. ఇందులో తిరకాసేముందమ్మా?" అన్నారు మాస్టారు.

నా చుక్క అంకె ఆరు. సంఘంవాళ్ల బైనాక్యులర్ ఇంటికి తెచ్చుకున్నాను. భోజనం కాగానే, గిన్నెలు తోమకముందే, మేడ మీదికి వెళ్లేదాన్ని. మొదట్లో నానమ్మ కింది నుంచి కేకలేసేది.

"రోజూ వెళ్లి పలకరించి రావడానికి అదేమన్నా మన చుట్టమా?"

"రెండు నిమిషాలత్తయ్యా!"

ఆ రెండు నిమిషాలూ ఎలా ఉండేవో నీకు చెప్పాలని ఉంది. ముందు ఏమీ కనిపించదు. ఊపిరి మెల్లగా విడుస్తూ ఉంటే ఒక్కొక్కటే పైకి తేలతాయి, నీళ్ల అడుగునుంచి వచ్చినట్టు. వీధిలో సైకిలు గంటలు, పక్కింటి రేడియో వినిపిస్తూనే ఉంటాయి, కానీ వేరెవరి సాయంత్రంలోనివో అన్నట్టుంటాయి. నా చుక్కని సూటిగా చూడకూడదు, కాస్త పక్కకి చూస్తే అదే దగ్గరికొస్తుంది. పక్క చుక్కలతో పోల్చుకుని కిందికొచ్చి నోటుబుక్కులో రాసేదాన్ని. ఆరు. మర్నాడూ ఆరు. నాలుగు నెలలు ఆరు.

ఇక చెప్పాల్సిందానికి వచ్చాను.

నీ ఉత్తరం వచ్చింది ఒక మంగళవారం. మిల్లు నుంచి వచ్చి, చెప్పులు విడవకుండానే గుమ్మంలో నిలబడి చదివాను. కొలతల ఆఫీసులో ఉద్యోగం పోయి పది నెలలైందనీ, రొట్టెల దుకాణంలో పిండి కలుపుతున్నావనీ, ఆఫీసు గురించి ఇన్నాళ్లూ రాసినవన్నీ కల్పించావనీ. నానమ్మ మోకాలూ, మిల్లూ అన్నీ అడిగాక, ఉత్తరం చివర నాలుగే నాలుగు వాక్యాలు. ఉద్యోగం పోవడం కాదు నన్ను పడగొట్టింది. ఆ పక్క సీటాయన. నువ్వు రాసిన ఆయన జోకులకి నేనూ నానమ్మా పది నెలలు నవ్వుకున్నాం. ఆయన కూతురికి పెళ్లి కుదిరిందంటే సంతోషించాం. అసలాయనే లేడని తెలిసి నానమ్మ రెండు రోజులు సరిగా తినలేదు.

ఆ సాయంత్రం నేను మేడ ఎక్కలేదు. మంచం మీద కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే ఉండిపోయాను. పొద్దున లేచి చూస్తే నోటుబుక్కులో మంగళవారం గడి ఖాళీగా ఉంది. నాలుగు నెలల వరసలో ఒక్క ఖాళీ, పన్ను ఊడినట్టు. చెయ్యి దానంతటదే రాసేసింది. ఆరు.

నువ్వు లేనిది ఉన్నట్టు రాశావని మండిపడుతూ, చూడనిది చూసినట్టు నేనూ రాశాను. ఆ క్షణంలో అది తట్టనైనా లేదు.

బుధ, గురువారాలు మబ్బు పట్టింది. శుక్రవారం ఆకాశం విడిచేసరికి నా చుక్క ఏడుకి దిగిపోయింది. పరిగెత్తుకుంటూ వెళ్లి మాస్టారికి చెప్పాను. ఆయన ఆనందం చూడాలి, వీధిలోనే ఈల ఊదేశారు. మంగళవారం సంగతి నాకు గుర్తే లేదు.

ఆ తర్వాతి ప్రసంగం ఆ చుక్క గురించే. ఎప్పుడూ లేనిది ముందు వరుస కూడా నిండింది. మాస్టారు బల్లపలక మీద తేదీల వరసన సుద్దతో చుక్కలు పెట్టారు. నా మంగళవారం చుక్క మాత్రం పెద్దగా పెట్టారు. "చూడండి, మంగళవారం దాకా దీనికి ఏమీ కాలేదు. ఇది మన షేడ్లమ్మగారి కన్ను. ఈ కన్ను పొరపాటు పడదు." దాని కింద ఇంకో చుక్క పెట్టి పక్కనే ప్రశ్నార్థకం గీశారు. "ఎక్కడో దూరాన ఒక పోస్టాఫీసు గుమాస్తా అదే మంగళవారం ఆరుంబావు రాశాడు. కొత్తవాడు పాపం, పొరబడ్డాడు. వదిలేశాను."

ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి మేడెక్కి, నిజంగా చూసి, నిజం రాస్తే, నా కన్ను గొప్పదని ఆయన అంకెని కొట్టేశారు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. చుక్క వచ్చి చెప్పదు. కుర్చీలోంచి లేవడానికీ మొదటి మాట నోట్లోంచి రావడానికీ మధ్య ఒక వయసు గడిచింది.

"మాస్టారూ, మంగళవారం నేను చూడలేదు."

"ఏమిటమ్మా?"

"మేడ మీదికే వెళ్లలేదు. పొద్దున్నే ఊహించి రాశాను. ఆ గుమాస్తాగారిది చెరపకండి. నాది చెరపండి."

మాస్టారు సుద్దముక్క బల్ల మీద పెట్టేశారు. "మరి మిగతా రోజులు?" అన్నారు.

"మిగతావన్నీ చూసినవే. నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం."

ఆయన పలక వైపు తిరిగి నా చుక్కని బొటనవేలితో తుడిచారు. ప్రశ్నార్థకాన్ని కూడా తుడిచారు. మందుల షాపాయన వెనకనుంచి, "అంటే ఇది మనం అనుకున్నదానికన్నా ముందే మొదలైందన్నమాట!" అన్నాడు. దాంతో అందరూ పలక దగ్గరికి చేరారు. నా సంగతి మరిచిపోయారు. అంత హాయి ఎప్పుడూ ఎరగను.

మెట్ల దగ్గర బైనాక్యులర్ తిరిగివ్వబోయాను. "నేనడిగానా?" అన్నారు మాస్టారు, మొహం ఇంకా ముడుచుకునే. "చూడని రోజు గీత గీయండి. గీత గీసినందుకు ఎవరూ కొట్టరు."

ఆ గుమాస్తాకి క్షమించమని కార్డు రాశాను. జవాబొచ్చింది. అందరికంటే తక్కువ వెలుగు చూశానని కంగారుపడి కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లాడట. కళ్లకేమీ లేదట. "ఇప్పుడు నిశ్చింతగా ఉంది" అని రాశాడు.

చిన్నా, ఈ ఏడు వారాల్లో నీకు మూడు ఉత్తరాలు రాసి చింపేశాను. మూడింట్లోనూ ఎందుకు అబద్ధం ఆడావనే అడిగాను. ఆ హాల్లో లేచి నిలబడ్డాక ఆ ప్రశ్న అడగబుద్ధి కాలేదు. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నువ్వు కాగితం ముందు ఎన్ని సాయంత్రాలు కూర్చున్నావో నాకిప్పుడు తెలుసు. నాకైతే హాలు నిండా జనం, ఎదురుగా పలక మీద నా వల్ల మరొకరికి జరిగిన అన్యాయం. నిన్ను ఎవరూ నిలదీయలేదు. నీ అంతట నువ్వే రాశావు. ఆ సంగతి నాకు ముందే తట్టాల్సింది.

కోపం పూర్తిగా పోయిందని మాత్రం రాయను. కొంచెం ఉంది. పిండి ఎన్ని గంటలకి కలపాలో, చేతులు నొప్పి పుడుతున్నాయో లేదో, నీ పక్కన ఎవరు పనిచేస్తారో రాయి. నానమ్మ అడగమంటోంది, ఈసారి నిజం మనిషిని రాయాలట, జోకులు రాకపోయినా సరేనట.

దుకాణంలో రెండు రోజులు సెలవిస్తే ఇంటికి రా. మాకు చెప్పడానికి దారిలో ఏమీ సిద్ధం చేసుకోకు. ఊరికే రా.

ఇట్లు,
ఇంకా కాస్త కోపంగానే,
అమ్మ